నమూనా ఏడుపు

చర్చి గోడ పక్కన ఇసుక తొట్టెలు రెండున్నాయి. ఒకటి బతికున్నవాళ్ళ కొవ్వొత్తులకు, రెండోది పోయినవాళ్ళవాటికి. సాఫ్తా తన తండ్రి గావ్రిల్ పేరు మీద వెలిగించే కొవ్వొత్తిని చిన్నప్పటి నుంచీ మొదటి తొట్టెలోనే గుచ్చుతోంది. సైనికులు వెతుకుతుంటే ఆయన కొండలు దాటి పరాయి దేశం పారిపోయాడని తల్లి నస్తాసియా చెప్పింది. ఆ తర్వాత కబురన్నది లేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టుకుని ఉంటాడని సాఫ్తా ఎప్పుడో తీర్మానించుకుంది. పళ్ళు కొరుక్కుంటూనే కొవ్వొత్తి వెలిగించేది.

"మీ నాన్నకి నూరేళ్ళు దాటలేదటే?" అనేది పక్కింటి వర్వారా. "చావుకి కూడా ఆయన అడ్రసు దొరకట్లేదేమో!"

"దొరికితే ముందు నీకే చెప్తాలే," అనేది సాఫ్తా. కానీ లోపల ఒకటే దిగులు. తండ్రి తమను వదిలేసి వెళ్ళాడా, లేదా? అది తేలకుండానే తన రోజులు అయిపోయేలా ఉన్నాయి.

ఆ శరదృతువులో జిల్లా ఆర్కైవ్స్ నుంచి ఫోను వచ్చింది. బుకోవినా ప్రాంతపు పల్లెల పాత పాటలతో ప్రదర్శన పెడుతున్నారట. అప్పట్లో టేపు మిషను పట్టుకుని ఊళ్ళు తిరిగినవాళ్ళు నస్తాసియా గొంతు కూడా ఎక్కించుకున్నారట. అది జనానికి వినిపించాలంటే కూతురి అనుమతి కావాలి.

సాఫ్తా కొత్త తలగుడ్డ కట్టుకుని బస్సెక్కింది.

అక్కడ ఒటీలియా అనే అమ్మాయి ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. చక్కెర బిళ్ళలున్న గిన్నె దగ్గరికి జరిపింది. సాఫ్తా రెండు బిళ్ళలు వేసుకుని నవ్వింది.

"మా అమ్మ చూస్తే తిట్టేది. ఇంట్లో చక్కెర అడుగు పెట్టనిచ్చేది కాదు. అంతా తేనే. పిసినారి అనుకునేదాన్ని."

"మరి ఎప్పుడు అలవాటైంది బామ్మా?"

"ఐదేళ్ళప్పుడు మా వాకిట్లో ఎవరో నా చేతిలో ఒక బిళ్ళ పెట్టారు. నీలం కాగితంలో చుట్టి ఉంది. ఎవరో గుర్తు లేదు, తోలు బెల్టు ఒక్కటే గుర్తుంది. నా చిన్నతనంలో తీపి అంటే అదొక్కటే."

ఒటీలియా ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, తనూ ఒక జత పెట్టుకుంది. "టేపు పెట్టె మీద 'చావు ఏడుపు, నమూనా' అని రాసుంది. అడిగారని పాడి చూపించినట్టున్నారు."

సాఫ్తా తల అడ్డంగా ఊపింది. "చచ్చినవాళ్ళు లేకుండా ఏడిస్తే ఆ ఇంటికి చావొస్తుందమ్మాయ్. నమూనాకి మా అమ్మ కోడిపిల్ల కోసం కూడా ఏడ్చేది కాదు."

టేపు గరగరమంది. తర్వాత తల్లి గొంతు వచ్చింది, పడుచు గొంతు. ఏడ్చేవాళ్ళు ముందు తామెవరో చనిపోయినవాళ్ళకు చెప్పుకోవాలి. అదే పద్ధతి.

"నేనే, నీ నస్తాసియాను, గావ్రిల్. ఏడేళ్ళ తర్వాత నోరు తెరిచాను. మా ఊళ్ళో ఏడవనివ్వలేదు, ఈ పట్నంవాళ్ళు ఏడవమన్నారు. తలుపులు మూసి ఏడుస్తున్నాను, విను."

సాఫ్తా చేతిలో కప్పు ఆగిపోయింది.

"గడ్డివాములో చలేసిందా, గావ్రిల్? ఎక్కడ పూడ్చారో చెప్పలేదు, కొవ్వొత్తి ఎక్కడ పెట్టను? చిన్నదాని మీద కోపం పెట్టుకోకు. సైనికులొస్తే చుట్టాలనుకుంది. నాన్నెక్కడమ్మా అంటే వేలు చూపించింది. చక్కెర బిళ్ళ చేతిలో పెట్టారు. తింటూ నవ్వుతోంది, తూటా తగిలి నువ్వు పడిపోతుంటే నవ్వుతోంది. దానికి చెప్పను. నువ్వు పారిపోయావని చెప్తాను. నీ మీద పగ పెంచుకున్నా సరే, అది బతకాలి."

చివర ఒక మగగొంతు అడిగింది: "ఎవరి కోసం ఏడ్చావమ్మా?"

"ఎవరి కోసమూ కాదు బాబూ. నమూనా అని రాసుకోండి."

టేపు మిషనువాళ్ళు బడిలో దిగిన ఆ రోజు తల్లి తనను బాతులు తోలుకురమ్మని వాగుకు పంపింది. బడి వైపు రావద్దని రెండుసార్లు చెప్పింది. సాఫ్తాకు అది ఇప్పుడు గుర్తొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. కాఫీ ఇంకా సగం ఉంది.

"బామ్మా, నేను ముందే వినాల్సింది," అంది ఒటీలియా. ఆమె కూడా హెడ్‌ఫోన్లు తీసేసింది. "ఇది ప్రదర్శనలో పెట్టం. మీరు ఊఁ అన్నా పెట్టం."

"పెట్టండి. మా అమ్మ తలుపులు మూసుకుని ఏడ్చింది, చాలు. ఆ నమూనా అన్న మాట మాత్రం కొట్టేయండి. గావ్రిల్ కోసం అని రాయండి."

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళింది. వర్వారా పక్కకొచ్చి నిలబడింది. "ఏమంటున్నాడే మీ పరదేశి?"

సాఫ్తా మొదటి తొట్టె దాటి రెండోదాని ముందు వంగి, ఇసుకలో కొవ్వొత్తి గుచ్చింది. వర్వారా గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

తల్లి పోయినప్పుడు ఇదే చోట సాఫ్తా గొంతెత్తి ఏడ్చింది. ఊరంతా మెచ్చుకున్నారు. పోయినవాళ్ళకు ఏం చెప్పాలో, ఏ మాట తర్వాత ఏ మాట రావాలో ఆమెకు తెలుసు.

"నేనే, నాన్నా," అంది. "నీ సాఫ్తాను."

రెండో మాట రాలేదు. కొవ్వొత్తి ఇసుకలోకి కరిగేదాకా అలాగే నిలబడి ఉంది.