పిన్ని మేడ మెట్లు

ఇనస్పెక్టరమ్మ రోజూ ఆఫీసుకి వెళ్తూ దారిలో పిన్నికి క్యారియరు ఇచ్చి వెళ్ళేది. పాత రేవు వెనక వీధిలో నాలుగంతస్తుల మేడ, పిన్నిది అన్నిటికన్నా పై వాటా. తల్లి పోయాక ఇనస్పెక్టరమ్మని పెంచింది ఆవిడే. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి చదివించింది. ఇప్పటికీ కిటికీ పక్కన మిషను వేసుకుని కుడుతూనే ఉంది.

"ఏమే, ఇంత ఆలస్యం?" అంది పిన్ని ఆ రోజు, నోట్లో దారం పెట్టుకుని.

"మెట్లు పెరిగాయి పిన్నీ. ఎవరు ఖాళీ చేశారు?"

"రెండో అంతస్తు వాళ్ళు. నిన్న సామాను ఎత్తేశారు. కూర్చో, కాసేపు ఊపిరి పీల్చుకో."

ఆ ఊళ్ళో అంతే. మేడలో కాపురమున్నవాళ్ళు వెళ్ళిపోతే మెట్లు పెరుగుతాయి, ఎవరైనా వచ్చి కాపురం పెడితే తగ్గుతాయి. రెండు రోజులుండి పోయేవాళ్ళని మెట్లు ఖాతరు చెయ్యవు. వానాకాలం తలుపులు బిగుసుకుపోవడం గురించి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు కదా, ఇదీ అలాంటిదే. ఆయాసపడుతూ పైకొచ్చినవాళ్ళు "మీ మేడలో ఎవరో వెళ్ళిపోయినట్టున్నారే" అనేవారు, మంచినీళ్ళు అడిగేవారు.

ఇనస్పెక్టరమ్మ పని కూడా ఆ మేడలతోనే. రేవు చూడ్డానికి యాత్రికులు ఎక్కువయ్యాక అందరూ వాటాలని రోజువారీ అద్దెకి ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. మేడ సొంతదారు అదే మేడలో కాపురముంటేనే అలా ఇవ్వచ్చని పురపాలక సంఘం నిబంధన. ఉంటున్నాడో లేదో చూసి రావడం ఇనస్పెక్టరమ్మ బాధ్యత.

పిన్ని మేడ సొంతదారు ఆ వీధి ముఖమే ఎరగడు. అయినా అనుమతి అడిగాడు. ఇనస్పెక్టరమ్మ వెళ్ళి చూస్తే కింది గదిలో ఒక మడత మంచం, మేకుకి ఒక చొక్కా. చొక్కా భుజాల మీద దుమ్ము పేరుకుని ఉంది.

"ఆయన అక్కడ ఉండటం లేదు సార్," అని వచ్చి ఆఫీసరుకి చెప్పింది.

"చొక్కా ఉందా?"

"ఉంది."

"చొక్కా ఉంటే మనిషి ఉన్నట్టేనమ్మా. ఇంట్లో పొద్దస్తమానం చొక్కాలో ఎవరు కూర్చుంటారు?" ఆఫీసరు నవ్వాడు. మంచివాడే, ఎవరి మీదా గొంతు పెంచడు. "బోర్డు చదవలేదా? మనది తనిఖీ విభాగం, వ్యాపార ప్రోత్సాహక విభాగం, రెండూ. ఒక చేత్తో తలుపు తడతాం, ఇంకో చేత్తో వెన్ను తడతాం. సీజను ముంచుకొస్తోంది. కానివ్వు."

ఇనస్పెక్టరమ్మ సంతకం పెట్టింది. కలం ఎక్కడా ఆగలేదు. అదే ఆమెకి తరవాత చాలా రోజులు గుర్తొచ్చింది.

ఆపైన పిన్ని మేడలో ఒక్కొక్క వాటాయే ఖాళీ అయింది. ఆఖరికి పిన్ని కింద వాటాలో వాచీలు బాగుచేసే మాస్టారు కూడా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు భూతద్దం కంటికి పెట్టుకునే పైకొచ్చి, "మీరొక్కరే మిగిలారమ్మా, జాగ్రత్త," అన్నాడు. ఆయన దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించిందని పిన్ని చెప్పింది. ఆయన వెనకాలే మెట్లు పెరుగుతున్నాయి కాబోలు.

కింది వాటాల్లోకి చక్రాల పెట్టెలు గడగడమంటూ వచ్చేవి, పోయేవి. యాత్రికులకి ఆ మెట్లంటే మహా సరదా. మలుపు మలుపులో నిలబడి ఫొటోలు దిగేవారు. సొంతదారైతే అద్దె ప్రకటనలో "అంతం కనిపించని పురాతన మెట్ల దారి" అని వేయించాడు.

బట్టలు కుట్టించుకునేవాళ్ళు మాత్రం రావడం మానేశారు. రవ్వంత అంచు మడవడం కోసం అన్ని మెట్లెవరు ఎక్కుతారు? ఒకసారి పిన్నే కుట్టిన బట్టలు చంకన పెట్టుకుని దిగబోయింది. సాయంత్రం ఇనస్పెక్టరమ్మ వచ్చేసరికి మధ్యలో ఒక మలుపు దగ్గర, మూటని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటినించీ అక్కడే. కిందకీ పోలేక, పైకీ రాలేక.

"నన్నెందుకు పిలవలేదు పిన్నీ?"

"పిలిచాను. వినబడేంత దగ్గరలో ఎవరున్నారే?"

ఆ మాటతో ఇనస్పెక్టరమ్మ నిర్ణయించేసుకుంది. తన అద్దె ఇల్లు వదిలేసి పిన్ని దగ్గరికి వచ్చేస్తానంది. తను వస్తే మెట్లు కాస్తయినా తగ్గుతాయి.

ఇనస్పెక్టరమ్మ ఉండే మేడలో మూడే వాటాలు. ఖాళీ చేస్తున్నానని చెప్పగానే అక్కడి సొంతదారూ అనుమతికి పెట్టుకున్నాడు. తనిఖీకి ఆమే వెళ్ళాలి. వెళ్ళలేదు. అతనుండేది ఊరవతల అని తెలిసీ, మేకుకి చొక్కా ఉందా అని కూడా అడక్కుండానే సంతకం పడేసింది. కాదని రాసినా ఎలాగూ ఆఫీసరు ఒప్పుకోడు, పిన్ని అక్కడ ఒంటరిగా ఉంది, ఎంత త్వరగా తెమిలితే అంత మంచిది అనుకుంది.

సామాను బండికెత్తిస్తుంటే పై వాటా అమ్మాయి రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా దిగి వచ్చింది. ఆమెకి నెలలు నిండాయి. మొగుడు లారీ డ్రైవరు, వెళ్తే వారాలకి గాని రాడు.

"వెళ్ళిపోతున్నారా అక్కా?"

"ఈ ఊళ్ళోనేగా ఉంటాను. ఏ అవసరమొచ్చినా ఫోను చెయ్యి."

పిన్ని మేడ మెట్లు నిజంగానే తగ్గాయి. మరీ ఎక్కువేం కాదు. పిన్ని మాత్రం, "నువ్వొచ్చాక ఇంటికి కాళ్ళొచ్చాయే," అని సంబరపడింది.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"అక్కా, నేను. నొప్పులొస్తున్నాయి. కింద ఆటో హారను కొడుతోంది, వినిపిస్తోంది. దిగుతూనే ఉన్నాను, వాకిలి రావట్లేదు."

"మధ్య వాటావాళ్ళని పిలువు."

"సొంతదారు వాళ్ళని నిన్న పంపించేశాడక్కా. అనుమతి వచ్చిందట కదా."

ఇనస్పెక్టరమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. ఫోను చెవికి ఆనించుకుని దిగడం మొదలుపెట్టింది. "గోడ పట్టుకో. కూర్చోకు. వచ్చేస్తున్నా."

"ఎక్కడున్నారు మీరు?"

కింద మలుపు, దాని కింద ఇంకో మలుపు. "దగ్గర్లోనే," అంది. మిషను ఆపి పిన్ని "ఏమైందే?" అని వేసిన కేక ఆమె దాకా వచ్చేసరికి దారప్పోగంత సన్నబడింది. ఫోనులో అమ్మాయి ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి మూలుగు. ఆ తరవాత అదీ లేదు.

ఇనస్పెక్టరమ్మ పిన్ని మేడ దిగి, వీధులన్నీ దాటి, ఆ మేడ ఎక్కేసరికి ఎండ వాలిపోయింది. అమ్మాయి ఒక మలుపులో గోడకి ఆనుకుని ఉంది. ఎవరో యాత్రికురాలు తన శాలువా కప్పింది. ఆటో డ్రైవరు పక్కనే చేతులు కట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడు. శాలువా లోపల ఉన్న బిడ్డ ఏడవలేదు. ఎవరూ ఏడవలేదు. కింద వాటాలో ఎవరో పెట్టె చక్రాల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

"పిలిచానక్కా," అంది అమ్మాయి.

ఆ వారమే లారీ డ్రైవరు వచ్చి పెళ్ళాన్ని వేరే ఊరు తీసుకుపోయాడు. ఆ మేడలో ఇక కాపురమున్నవాళ్ళెవరూ లేరు. మెట్లు ఎంత పెరిగాయో చెప్పేవాళ్ళూ లేరు.