గోడమీది ఫార్మసిస్టు

రెబెక్కా మామగారు రాజరత్నం బీపీకి ఏళ్లుగా ఒక మాత్ర వేసుకుంటున్నారు. భీమవరంలో కొత్త డాక్టరు ఇంకొకటి రాశాడు. రెండూ మొదలుపెట్టాక ఆయన లేచి నిలబడితే చాలు, కళ్లు తిరిగిపోతున్నాయి. డాక్టరు ఫోను ఎత్తడం లేదు.

రెబెక్కా రెండు మాత్రల షీట్లూ పట్టుకుని నరసాపురం బజారులో మందులషాపుకి వెళ్లింది. యజమాని పల్లంరాజు వాటివైపు చూడకుండానే, "ఏం కాదండి, వేసుకోమనండి," అన్నాడు.

"ఫార్మసిస్టు గారిని ఓసారి అడగాలండి."

"టిఫినుకెళ్లారండి."

గోడమీద ఫ్రేములో ఆ ఫార్మసిస్టు సర్టిఫికెట్టు ఉంది. పేరు సూర్యనారాయణమూర్తి. ఫోటోలో ఒత్తయిన జుట్టు. మధ్యాహ్నమైనా ఆయన టిఫిను పూర్తి కాలేదు. ఎదురుషాపు ఫార్మసిస్టు పెళ్లికెళ్లాడట. పక్కషాపాయనా పెళ్లికేనట. ఎవరి పెళ్లో మాత్రం ఎవరూ చెప్పలేదు.

చివరికి టీకొట్టు సంపూర్ణమ్మ నవ్వేసింది. "సూర్యనారాయణమూర్తి గారా? మొగల్తూరు రోడ్డులో రొయ్యల మేత అమ్ముతారు కదమ్మా!"

మేత బస్తాల మధ్య బట్టతలతో కూర్చున్నాడాయన. "నాకిప్పుడు రొయ్యల రోగాలే తెలుసండి. ఆ షాపువాళ్లనే అడగండి."

"మీ ఇంట్లోవాళ్లకి మందులు అక్కడే కొంటారాండీ?"

"అబ్బే, రాజమండ్రి నుంచి తెప్పిస్తామండి," అనేసి నాలుక కరుచుకున్నాడు.

"అయితే రండి. మీ పేరున్న షాపులోనే కూర్చుని చూద్దురుగాని," అంది రెబెక్కా. ఆయన లేచొచ్చి ఆమె స్కూటీ వెనక ఎక్కాడు.

షాపు ముందు దిగిన ఆయన్ని చూసి పల్లంరాజు, "ఏం కావాలండి?" అన్నాడు. సర్టిఫికెట్టు అద్దెకి తెచ్చిన మధ్యవర్తినే తప్ప మనిషిని అతనెప్పుడూ చూడలేదు.

"నేను మీ ఫార్మసిస్టునండి."

పల్లంరాజు ఒకసారి గోడకేసి, ఒకసారి బట్టతలకేసి చూశాడు.

సూర్యనారాయణమూర్తి కళ్లజోడు పెట్టుకుని షీట్ల వెనకున్న చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఆయన మొహం పాలిపోయింది.

"అమ్మా, రెండూ ఒకటే మందు. కంపెనీ పేర్లే వేరు. డబుల్ డోసు పడుతోంది. ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చూపించండి."

అక్కడున్నవాళ్లంతా సంచుల్లోంచి తమ షీట్లు బయటికి తీశారు. "మావీ చూడండి సార్!"

పల్లంరాజు ఆయన చెవిదగ్గరికి వంగాడు. "మీరిలా వచ్చి కూర్చుంటే షాపు నడుస్తుందాండీ?"

ఆసుపత్రిలో ఒక మాత్ర ఆపించారు. ఆ తర్వాతి ఆదివారం రాజరత్నం గారు చర్చికి నడిచివెళ్లి, నిలబడే పాటలు పాడారు. పల్లంరాజు మాత్రం దూరంగా రెబెక్కా స్కూటీ కనిపిస్తే చాలు, షట్టరు సగానికి దించేస్తున్నాడు.