పది లీటర్లు

టైర్లలో గాలి చూసుకోవడం నాకు పొద్దున్నే మిసో పులుసు పొయ్యి మీద పెట్టడం లాంటి పని. అరచేత్తో తడిమి, బొటనవేలితో నొక్కి, అనుమానం వస్తే చిజురు గ్యారేజీకి తీసుకెళ్ళి గాలి కొట్టిస్తాను. గాలి తగ్గితే బండి ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఆ రోజు కూడా ముందు టైరు దగ్గర వంగి ఉన్నాను. వరండాలో కాళ్ళు చాపుకుని గోళ్ళు తీసుకుంటున్న మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"దానికింక గాలెందుకే? వచ్చే నెల ఫిట్‌నెస్ పరీక్షకి పంపేది లేదుగా. మనిద్దరం లైసెన్సులు తిరిగి ఇచ్చేస్తున్నామని తమ్ముడు మొరియోకి చెప్పేశాను."

మనిద్దరం అన్నమాట. నేను అక్కడే వంగి ఉండిపోయాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను విన్నది తక్కువ. పొలం కొన్నప్పుడు "నేను కొన్నాను". కూతురికి పేరు పెట్టినప్పుడు "నేను పెట్టాను". ఇవ్వాల్సి వచ్చేసరికి మనిద్దరం అయ్యాం.

అసలు సంగతి ఊరందరికీ తెలుసు. ఎండాకాలంలో ఒకరోజు మా ఆయన తెరుహిసా తన పెద్ద తెల్లకారులో మందుల దుకాణానికి వెళ్ళి, బ్రేకు అనుకుని ఆక్సిలరేటరు తొక్కాడు. కారు వెళ్ళి బయటున్న కూల్‌డ్రింకుల యంత్రాన్ని గుద్దుకుంది. డబ్బాలు రోడ్డంతా దొర్లాయి. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కారులోంచి దిగి ఆయన అన్న మొదటి మాట, "బండిలో ఏదో లోపం ఉంది." కారులో లోపమేమీ లేదని తేలాక దాన్ని అమ్మేశాడు. అప్పట్నుంచి మా పేటలో అందరూ ఆయనతో మరీ మర్యాదగా మాట్లాడుతున్నారు. ఆ మర్యాదే ఆయన్ని తినేస్తోంది. వయసు మీదపడ్డవాళ్ళు లైసెన్సు పోలీసులకి తిరిగి ఇచ్చేయడం మా దగ్గర ఉన్నదే. కానీ ఒక్కడే వెళ్ళి ఇచ్చేస్తే ఓడిపోయినట్టు. భార్యాభర్తలు కలిసి ఇస్తే ఆదర్శ దంపతులు.

ఈ ఆదర్శ దంపతుల ఆలోచన మా మరిది మొరియోది. పేట పెద్ద అతనే. పేట పత్రికలో వేయడానికి ఫోటో కూడా తీస్తాడట. మర్నాడు సంచీ నిండా పండ్లు పట్టుకుని వచ్చాడు. మా ఇంటికి పండ్లతో వచ్చాడంటే ఏదో పని చేయించుకోవడానికేనని నాకు తెలుసు.

"వదినా, నీ డబ్బా కారుకి ఎన్నేళ్ళు వచ్చాయి?"

"మీ అమ్మని ఆస్పత్రికి తిప్పడానికని కొన్నాం. నువ్వే లెక్కేసుకో."

"అదే చెప్తున్నా. పదమూడేళ్ళు దాటితే పన్ను పెంచేస్తారు. రెండేళ్ళకోసారి పరీక్ష ఖర్చు. బీమా, ఇంజిన్ ఆయిలు, బెల్టు, మంచుకాలం టైర్లు. ఆ పైన పెట్రోలు! అది బండి కాదు వదినా, ఏనుగు. లైసెన్సు ఇచ్చేస్తే టౌన్ ఆఫీసు వాళ్ళు టాక్సీ కూపన్లు ఇస్తారు. మహారాణిలా వెనక సీట్లో కూర్చుని వెళ్ళు."

"కూపన్లు అయిపోతే?"

మొరియో నవ్వాడు. "అయిపోయేంతగా నువ్వు తిరగాల్సిన పనేముంది వదినా?"

మా ఆయన కూడా నవ్వాడు. నేను లోపలికి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టాను. ఆ మాట కొత్తది కాదు. మా అత్తగారు పోయి ఇన్నేళ్ళయినా ఆవిడ గొంతు వాళ్ళ అబ్బాయిల నోట బతికే ఉంది.

ఇంటి డబ్బు అత్తగారి చేతిలో ఉండేది. నేను లైసెన్సు తీసుకున్న కొత్తలో ఆవిడ ఒక నియమం పెట్టింది. "పెట్రోలు ఎప్పుడూ పది లీటర్లే పోయించు. ట్యాంకు నిండా ఉంటే కోడలి కాలు ఇంట్లో నిలవదు." మా ఆయన దానికి శాస్త్రం జోడించాడు. "నిజమే. నిండుగా పోస్తే బరువు. బరువుంటే బండి ఎక్కువ తాగుతుంది." ఆయన కారు ట్యాంకు మాత్రం నిండుగానే ఉండేది. దానికి బరువు లేదేమో. బంకు ముందు బండి ఆపగానే కుర్చీలోంచి లేస్తూ ముసలి యజమాని, "నిండానా?" అని అందర్నీ అడిగేవాడు. నన్ను అడిగేవాడు కాదు. పది లీటర్ల కోడల్ని అని బంకు దాకా తెలుసు. అత్తగారు పోయాక కూడా అది అలవాటుగా ఉండిపోయింది. చెయ్యి కట్టేసిన తాడు తెగిపోయినా చెయ్యి అక్కడే ఉండిపోతుంది చూడండి, అలా.

ఆ పది లీటర్లతోనే ఈ ఇల్లు నడిచింది. అత్తగారికి డయాలసిస్ వారానికి మూడు రోజులు. పిల్లకి బడి, పియానో, జ్వరాలు. పండుగ ముందు సమాధులకి పూలు, ఊళ్ళో చావులకి వంటలు. సహకార సంఘం విందుల్లో మా ఆయన తాగితే తీసుకురావడం కూడా నా పనే. తాగి నడిపితే ఉద్యోగం పోతుంది కాబట్టి మా వైపు మగవాళ్ళంతా భార్యల బండ్లలోనే ఇంటికి చేరతారు. హోటలు బయట మా బండ్లు వరుసగా ఆగి ఉండేవి, ఒక్కోదాన్లో ఒక్కో ఆడది. మా ఆయన వచ్చి వెనక సీట్లో పడుకునేవాడు. పక్కన కూర్చోవడం ఆయనకి నామోషీ. పడుకునే, "ఇంత మెల్లిగానా పోవడం, పిరికిదానా?" అనేవాడు.

నేను చదువుకున్నది బండిలోనే, దీన్లోనూ, దీనికి ముందున్న పాతదాన్లోనూ. బడి చదువు నాకు మధ్యలోనే ఆగిపోయింది. ఆస్పత్రి బయట, హోటలు బయట, స్టేషను బయట, ఎదురుచూసినంతసేపూ లైబ్రరీ పుస్తకం చదివేదాన్ని. మా భాషలో వేలకొద్దీ అక్షరాలు కదా, తెలియనిది వస్తే గుర్తుపెట్టుకుని, తర్వాత నర్సునో, పియానో టీచరునో అడిగేదాన్ని. ఇంజిన్ ఆపేసేదాన్ని. మంచు పడుతున్నా సరే, దుప్పటి కప్పుకుని, ఊపిరికి అద్దాలు మసకబారితే తుడుచుకుంటూ. హీటరుకి కాలిన పెట్రోలుకి జవాబు చెప్పాలి కదా. బండి లీటరుకి ఎంత ఇస్తోందని ఇంట్లో ప్రతివాళ్ళూ అడిగారు. ఒక గిన్నెడు చల్లారిన అన్నం మీద నేను ఎంత దూరం నడిచానని ఎవరూ అడగలేదు.

నా పక్క సీట్లో కూర్చున్నవాళ్ళందరూ దిగి వెళ్ళిపోయినవాళ్ళే. కొండ దిగితే సముద్రం ఒడ్డున మా రైల్వే స్టేషను ఉంది. మా చెల్లెలు ఆ సీట్లోంచే దిగి నాగోయా మిల్లుకి వెళ్ళింది. అక్కడే పోయింది, ఒక పెట్టెలో దాని కాగితాలు మాత్రం తిరిగొచ్చాయి. మా అమ్మాయి షియోరి పద్దెనిమిదేళ్ళప్పుడు ఊరు విడిచి వెళ్తూ ఆ సీట్లో కూర్చుని దారంతా కిటికీలోంచే చూసింది. నా వైపు తిరిగితే ఏడుస్తానని దాని భయం. అత్తగారు చివరిసారి ఆస్పత్రికి వెళ్తూ ఆ సీట్లోనే, "నీ బండిలో కుదుపు ఉండదు" అంది. నా గురించి ఆవిడ అన్న మంచిమాట అదొక్కటే. అదీ బండి మీద పెట్టి అంది. స్టేషను కంచె అవతల సముద్రం కనిపిస్తుంది. వాళ్ళని దింపి, రైలు కదిలాక, పెట్రోలు ముల్లు చూసుకుని తిరిగి వచ్చేసేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కంచె దాటి ఇసకలో కాలు పెట్టలేదు.

మొరియో వెళ్ళిపోయాక టీ గిన్నెలు కడుగుతూ ఇదంతా ఆలోచించాను. నాకు భయం ఎక్కువ. పడుకున్నా గ్యాసు కట్టేశానా అని లేస్తాను. ఆయనకి జరిగింది రేపు నాకు జరగదని చెప్పగలనా? ఒకనాడు నేనూ ఇచ్చేయాలి. అది నాకు తెలుసు. కానీ ఆ రోజు ఏదన్నది నేను చెప్పాలి. ఆయన ఓటమికి తోడుగా వెళ్ళడానికి కాదు కదా నేను ఈ వసంతంలో, లైసెన్సు కోసం ముసలివాళ్ళకి పెట్టే జ్ఞాపకశక్తి పరీక్షకి కూర్చున్నది. వాళ్ళు చూపించిన బొమ్మలన్నిటినీ ఒక కథగా అల్లుకుని, ఒక్కటి కూడా మర్చిపోకుండా రాసి వచ్చాను.

మర్నాడు బండిని చిజురు దగ్గరికి తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్న పోయాక గ్యారేజీ ఆ పిల్లే నడుపుతోంది. పిల్ల అంటున్నాను గానీ యాభై దాటాయి. బండిని పైకి లేపి కింద దూరి చాలాసేపు చూసింది. ఆస్పత్రిలో అత్తగారి రిపోర్టుల కోసం కూడా ఇంత భయంగా ఎదురుచూడలేదు.

"యాసుయో పిన్నీ," అని కింద నుంచే పిలిచింది. "బ్రేకులు ఎప్పుడు మార్చాం మనం?"

"మీ నాన్న ఉన్నప్పుడు. అయిపోయాయా?"

"అయిపోవడమా! ఇంకా సగం పైన ఉన్నాయి. ఈ కొండ దారుల్లో తిరిగే బండికి ఇలా ఉండడం నేను చూడలేదు. నువ్వు అసలు బ్రేకు తొక్కవా ఏంటి?"

"భయం కదా. మలుపు కనపడక ముందే ఆక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తాను. ముందు బండి ఆగుతుందేమోనని దూరంగా ఉంటాను."

చిజురు బయటికి వచ్చి చేతులు తుడుచుకుంది. "అందుకే మరి. బాబాయి తన తెల్లకారు లీటరుకి పదిహేను కిలోమీటర్లు ఇవ్వడం లేదని నా మీద ఎగిరేవాడు. నీ ముసల్ది ఇరవై ఇస్తోంది. బెల్టు ఒకటి మార్చాలి. మిగతాదంతా బాగుంది. తుక్కుకి ఇస్తానంటే నేనే కొనుక్కుంటాను."

మా ఇంట్లో నన్ను పిరికిదాన్ని అనని రోజు లేదు. ఆ పిరికితనమే ఇన్నేళ్ళు ఈ కుటుంబాన్ని ఒక్క గీత పడకుండా కొండలు దింపింది, ఎక్కించింది. భయం కాదు అది. ముందుచూపు. ఆ మాట పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. నా గురించి అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"పరీక్ష చేయించు," అన్నాను. ముల్లంగి ఊరగాయ అమ్మి దాచుకున్న డబ్బు నాది నాకుంది.

ఇంట్లో చెబితే మా ఆయన తల విదిలించాడు. "దండగ. లైసెన్సు ఇచ్చేశాక దాన్ని గూట్లో పెట్టి పూజ చేస్తావా?" నేను ఇవ్వనేమో అన్న అనుమానం ఆయనకి రానే లేదు. ఆయనకి నా మీద కోపం కూడా లేదు. నేను ఆయన మాటలో ఇమిడిపోయి ఉంటానని నమ్మకం, అంతే.

లైసెన్సులు ఇచ్చే రోజు పొద్దున బంకులో ఆగాను. ఇప్పుడు బంకు నడిపేది ఆ ముసలాయన కోడలు. ఎప్పట్లాగే, "పది కదా అత్తా?" అని గొట్టం చేతిలోకి తీసుకుంది.

"నిండా," అన్నాను.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, వంగి దండం పెట్టి, గట్టిగా "నిండా!" అంది. పెట్రోలు పడుతున్నంతసేపూ సీటు కింద ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. మా అమ్మాయి పాలు తాగుతున్నప్పటి గుటకల్లా వినిపించింది.

తర్వాత ఇంటికి వెళ్ళి, కోటు వేసుకుని సిద్ధంగా ఉన్న మా ఆయన్ని ఎక్కించుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళాను. ఆయన వెనకే కూర్చున్నాడు.

మొరియో కెమెరా పట్టుకుని అప్పటికే వచ్చి ఉన్నాడు. బల్ల మీద రెండు ప్రశంసా పత్రాలు, రెండు కూపన్ల కవర్లు. మా ఆయన కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. కార్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. నాకు జాలేసింది. నిజంగానే వేసింది. పోలీసమ్మాయి వంగి అందుకుని నా వైపు తిరిగింది. "ఇప్పుడు మీది అమ్మా."

"నేను ఇవ్వడం లేదమ్మా."

"ఏమే," అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి. "అందరి ముందూ ఏంటిది?"

"వదినా, ఫోటో! పత్రికలో చోటు కూడా ఉంచేశాం," అన్నాడు మొరియో.

"తియ్యి మొరియో. మీ అన్నయ్య మంచి పని చేశారు. నిలువెత్తు ఫోటో తియ్యి. నేను వెళ్ళి బండి గుమ్మం ముందుకి తెస్తాను. నేను కూడా ఇచ్చేస్తే ఆయన్ని ఇంటికి ఎవరు తీసుకెళ్తారు, నువ్వా? నీకిప్పుడు చీకటి పడితే కళ్ళు కనపడవు కదా."

పోలీసమ్మాయి కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించేసుకుంది. భుజాలు కదులుతున్నాయి.

మా ఆయన బయటికి వచ్చి అలవాటుగా వెనక తలుపు పట్టుకున్నాడు.

"ముందు కూర్చోండి," అన్నాను. "పడుకోవడానికి మీరేం తాగి లేరు కదా."

పట్టుకున్న తలుపు వదిలేశాడు. తర్వాత ముందుకొచ్చి కూర్చున్నాడు. బెల్టు ఎక్కడుందో తెలియక తడుముకుంటుంటే నేను చూపించాను. పల్లం మొదలవకముందే నేను కాలు తీశాను. బండి తనంతట తాను జారుతూ వెళ్ళింది. ఆయన నా కాలు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"ఇప్పుడెందుకు తీశావు?"

"ముందు మలుపుంది."

"కనపడ్డం లేదుగా."

"నాకు తెలుసు."

మా ఇంటి సందు దగ్గర పడింది. రోజూ పొగాకు కొట్టు దగ్గరే కాలు తీసేస్తాను. సందు దాకా బండి ఊరికే జారి వస్తుంది. ఆ రోజు తీయలేదు.

"అరే, సందు దాటిపోయాం," అన్నాడు మా ఆయన వెనక్కి తిరిగి చూస్తూ. "ఎక్కడికే?"

"సముద్రానికి," అన్నాను. "ట్యాంకు నిండా ఉంది."