బంకాయన మోకాలి పట్టీ

బంక ఉడుకుతోంది. బంకాయన అందులో నాలుగు లవంగాలు వేసి పుల్లతో తిప్పాడు. లవంగం పడితే పురుగు పుస్తకం జోలికి రాదు, వచ్చినా తుమ్ముకుంటూ పోతుంది. లైబ్రరీ కింది గదిలో చిరిగిన పుస్తకాలు కుట్టడం ఆయన పని. తన కుట్టు మీద ఏనుగు కాలేస్తే కుట్టు తెగదట, ఏనుగే కుంటుతుందట. ఒకసారి ఓ పెళ్లిలో ఎవరికో చెయ్యి కలిపితే, బంక పట్టేసి భోజనాలయ్యేదాకా వదల్లేదట. ఇలాంటివి వంద చెప్పేవాడు. అందరూ నవ్వుతూ నమ్మేవాళ్లు.

చేతులు గట్టివే గానీ మోకాళ్లు పోయాయి. మెట్లెక్కలేడు. అందుకే కుట్టిన పుస్తకాలన్నీ వాచ్‌మన్, అంటే గేటాయన, పైకి మోసుకెళ్లి అరల్లో పెట్టేవాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఒకే డబ్బాలో తినీ తినీ బావలైపోయారు. కుడి మోకాలికి సాగే పట్టీ కొనిచ్చిందీ గేటాయనే. "నువ్వెక్కకు బావా, నా కాళ్లు నీవి కావూ?" అనేవాడు.

ఇవాళ బంకాయన సంచిలో ఓ బొమ్మల పుస్తకం ఉంది. మనవరాలి కోసం కోడలు ఫోన్లో ఆర్డరిస్తే నిన్న ఇంటికొచ్చింది. అట్ట తెరవగానే గుప్పున లవంగం వాసన. పుస్తకం వీపు లోపల పసుప్పచ్చ గుడ్డ, ఇంటావిడ పాత చీర ముక్క. చించిందీ ఆయనే, అతికించిందీ ఆయనే. లైబ్రరీ ముద్ర ఉండాల్సిన చోట కాగితం గీకేసి పల్చగా ఉంది.

"పాతదే గానీ భలే గట్టిగా ఉంది మావయ్యా!" అంది కోడలు.

రిపేరుకెళ్లిన పుస్తకాలు తిరిగి రావట్లేదని లైబ్రరీ మేడమ్ ఎప్పట్నుంచో గొణుగుతోంది. ఈ సాయంత్రంలోగా తేలకపోతే పని మానేయమంది.

గేటాయన ఈలేసుకుంటూ దిగాడు. "ఏం బావా, పిల్లలు తయారా?" పుస్తకాల్ని అలాగే అంటాడు.

బంకాయన బొమ్మల పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఈల ఆగింది.

"ఇది మా ఇంటికొచ్చింది బావా."

గేటాయన గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవరూ అడగనివే తీశాను. ఫోన్లో అమ్మకానికి పెడితే పోతాయి."

"నాచేత కుట్టించి మరీనా?"

"నువ్వు కుట్టినవే పోతాయి బావా. మిగతావి చిరుగులని తిప్పి పంపేస్తారు." మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

"మేడమ్‌కి నువ్వే చెప్పు. నా నోటితో చెప్పించకు."

"చెప్తాలే. నిన్ను ముంచుతానా?"

బంకాయన పుస్తకం సంచిలో పెట్టేశాడు. మధ్యాహ్నం డబ్బా ఇద్దరూ తిన్నారు. బంకాయన వాటాలో సగం కూడా గేటాయనే శుభ్రంగా ఊడ్చేశాడు.

సాయంత్రం పైకి రమ్మన్నారు. సంచి భుజానేసుకుని, కమ్మీ పట్టుకుని ఎక్కాడు. తను కుట్టిన పుస్తకాల అర పళ్లూడిన నోరులా ఉంది. మేడమ్ గదిలో గేటాయన అప్పటికే నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పెట్టుకుని.

"ఇచ్చినవన్నీ పైకి తెచ్చానండీ. ఇవ్వనివాటి సంగతి నాకేం తెలుసు? ఇవాళ కూడా ఆ సంచిలో ఒకటుంది, చూడండి."

మేడమ్ సంచి విప్పింది. గదంతా లవంగం వాసన.

"ఈ కుట్టు నీదేనా?"

"నాదేనమ్మా. కానీ మా కోడలు ఫోన్లో కొంది."

"నువ్వు కుట్టిన మా పుస్తకం మళ్లీ నువ్వే కొనుక్కున్నావా?" మేడమ్‌కి నవ్వొచ్చింది.

"చెప్పు బావా," అన్నాడు బంకాయన.

గేటాయన టోపీ లోపల ఏదో వెతుక్కుంటూ, "కోతలరాయుడు కదండీ, ఏనుగు కథ మీరూ విన్నారుగా," అన్నాడు.

ఏనుగుని నమ్మినవాళ్లు ఇది నమ్మలేదు. బంకాయన ఖాళీ సంచితో దిగాడు. మెట్టు మెట్టుకీ ఆగి దిగాడు. గేటు దగ్గర గేటాయన స్టూలు ఖాళీగా ఉంటే కాసేపు కూర్చుని, పంచె పైకి లాగి, ఏదో విప్పి పక్కన పెట్టి, కుంటుకుంటూ వీధి మలుపు తిరిగిపోయాడు.

స్టూలు మీద పట్టీ ఇంకా మోకాలి ఆకారంలోనే ఉబ్బి ఉంది.