తడి నేల మీద పాదం

తడిగుడ్డ పెట్టేటప్పుడు లోపలి గదిలో మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా వస్తాను. గడప తుడిచి, తాళం వేసి, డ్యూటీకి పరుగు. నా వెనక ఇల్లంతా చెరువులా మెరుస్తూ, నెమ్మదిగా ఆరుతూ ఉంటుంది. ల్యాబులో మైక్రోస్కోపు మీదకి వంగినా నాకు ఆ మెరుపే కనిపించేది. ఎవరూ తొక్కని నీళ్ళు. రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం తలుపు తీసేసరికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగులో పాదం. మట్టి పాదం, వేళ్ళతో సహా. నేను మెట్లు దిగగానే, నేల ఆరకముందే పడ్డ అచ్చు. చిటికెనవేలు పక్కవేలి మీదకెక్కి ఉంది. కింది వాటాలో ఉండే ఇంటి యజమాని కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు రోజూ చూసే వేలే. అచ్చులు వంటింటి వైపు వెళ్ళలేదు. కలలో నడిచినట్టు వాటి వెంటే వెళ్ళాను. పడకగదిలో, నా బట్టల అలమర ముందు, రెండు పాదాలూ పక్కపక్కనే ఆగి ఉన్నాయి.

బట్టల మడతలు మారుతున్నాయని అంతకుముందే చెప్పాను. "నువ్వే మడతపెడతావు, నువ్వే మరిచిపోతావు" అన్నారు మా ఆయన. "ఉద్యోగాల ఆడవాళ్ళకి ఇంటి ధ్యాస ఎక్కడిదమ్మా! బట్టలకి కాళ్ళొచ్చాయనుకుంటారు" అని అత్తగారు ఫోన్లో నవ్వారు.

నేల ఫొటో తీసుకున్నాను. సాయంత్రం ఒక్క మాటే అన్నాను. "ఇంట్లోకి ఎవరో వచ్చారండీ."

టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నారు. "అబ్బా, మళ్ళీ మొదలా? కింది పెద్దాయనేలే. పాపం, చెప్పులు కూడా బయటే విప్పి వస్తాడు."

నేను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పుల మాటే ఎత్తలేదు.

టీవీ కట్టేశాను.

"మీకు తెలుసా?"

"తాళంచెవి ఇచ్చిందే నేను. లీకులవీ చూసుకుంటాడని. చెప్తే రాద్ధాంతం చేస్తావని చెప్పలేదు."

"నా అలమరలో ఏం లీకు?"

"ఏమైనా పోయిందా? పోలేదుగా!"

పొద్దున్నే కిందికి వెళ్ళి, ఇల్లు ఖాళీ చేస్తున్నానని చెప్పాను.

"గడువు తీరకుండా ఎలా కుదురుతుందమ్మా? అబ్బాయిని పంపు, మాట్లాడతాను" అన్నాడు ఇంటాయన.

"అద్దె ఒప్పందం మీద సంతకం నాది బాబాయిగారూ. ఆరోజు అబ్బాయికి తీరిక లేదు."

ఫోన్‌లో ఫొటో చూపించాను. చాపిన కాలు మెల్లగా కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఇక గడువు మాట ఎత్తలేదు.

కొత్త ఇల్లు చిన్నది. సామాను రాకముందే తడిగుడ్డ పెట్టాను. లోపలి గది నుంచి వెనక్కి నడుస్తుంటే గోడలు, కిటికీ, ఆకాశం అన్నీ నేలలోకి దిగి తేలుతున్నాయి. తాళం వేశాను. రెండు తాళంచెవులూ నా సంచిలోనే వేసుకున్నాను. ఫోన్ మోగింది. మా ఆయన.

"రెండో తాళంచెవి ఎక్కడ పెట్టావ్? నేనెలా రావాలి?"

"నేల ఇంకా ఆరలేదండీ" అన్నాను.