తెర అంచున అనూష

పాత గేములను కొత్త కంప్యూటర్లలో నడిపించడం పద్మలతకు పిచ్చి. జీతం రాని పిచ్చి. హనుమకొండలో జూనియర్ కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి ఇంటికొస్తుంది, టీ గ్లాసు పక్కన పెట్టుకుంటుంది, ఇరవయ్యేళ్ల కిందటి గేమునేదో ముందేసుకుంటుంది. ఆమెకు తోడు ఓంప్రకాశ్. వరంగల్ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం అతనిది. గిన్నెలు అమ్మడం కంటే ప్రోగ్రాములు విప్పడం మీదే అతనికి మోజెక్కువ. వాళ్ల నాన్న మొత్తుకునేదీ అందుకే.

ఆ పని సూటిగా చెప్పాలంటే అబద్ధాలాడటమే. పాత గేము లేవగానే, ఇది ఏ విండోస్ అని అడుగుతుంది. కొత్తదని తెలిస్తే కళ్లు తేలేస్తుంది. అందుకని వీళ్లు మధ్యలో ఓ చిన్న ప్రోగ్రాము పెట్టి, ఇంకా నీ కాలమే నడుస్తోందని దాన్ని నమ్మిస్తారు.

మొన్న చలికాలంలో పరకాల పక్క ఊరి నుంచి బక్కమ్మ ఒక సీడీ కొంగులో కట్టుకుని వచ్చింది. ఆమె భర్త కొమురెల్లి పత్తి చేను చేసుకుంటూనే కంప్యూటర్ నేర్చుకుని, 2005లో సొంతంగా ఒక గేము తయారుచేసిన మనిషి. ఆ గేములో, మేడారం జాతరలో ఒక పిల్ల తప్పిపోతుంది. మైకులో చెప్పే గుర్తులు వింటూ పొద్దుగూకే లోపల ఆ పిల్లను వెతకాలి. వరంగల్ ఇంటర్నెట్ సెంటర్లలో కొన్నాళ్లు అందరూ ఆడారు. గెలిచినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"మా అనూష గూడ గట్లనే పోయింది బిడ్డా, రెండువేల రెండు జాతరల. ఏడేండ్లు దానికి," అంది బక్కమ్మ. "ఉన్న ఒక్క ఫోటువ పట్టుకొని ఊరూరు దేవులాడితే, అదీ పోయింది. మా ఆయన దాని బొమ్మ గీసి ఈ ఆటల పెట్టిండు. చూపియ్యమంటే ఇప్పుడొద్దనేటోడు. పోయిన ఏడు ఆయనే పోయిండు. నా కండ్లకు నీటికాసులు. సూపు దిగుతాందని దవాఖానల చెప్పిండ్రు. జర అది పోకముందే ఒక్కపారి నా బిడ్డ మొఖం చూపియ్యి."

పద్మలత సీడీ అందుకుంది. వారంలో చూపిస్తానని మాటిచ్చేసింది. వెనకాముందూ చూడకుండా మాటివ్వడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం.

రెండు రోజుల్లో గేము నడిచింది. జాతర కదిలింది, మైకు మోగింది, పిల్ల మాత్రం కనిపించలేదు. గేములోని బొమ్మలన్నీ బయటికి తీసి చూశారు. వందలాది జనానికి నాలుగే ముఖాలు, వాటినే తిప్పితిప్పి వాడాడు కొమురెల్లి. అయిదో బొమ్మ అనూషది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఆకుపచ్చ గౌను. కానీ అది వీపు వైపు బొమ్మ. ముఖం గీసిన జాడే లేదు.

పాత తెరలు చదరంగా ఉండేవి, ఇప్పటివి వెడల్పు. మూడో రోజు పద్మలత గేమును కొత్త తెరకు సరిపడా వెడల్పు చేసింది. అలా చేస్తే రెండు పక్కలా ఇదివరకు కనపడని భాగం బయటపడుతుంది. పనికిరాని సామాను అటకెక్కించినట్టు, ఆటలో కనపడకూడని బొమ్మలను పాతకాలం వాళ్లు అక్కడికి నెట్టేవాళ్లు. కుడి అంచున, జనమంతా అయిపోయాక, చీకట్లో అనూష నిలబడి ఉంది. వీపు ఇటు పెట్టి.

"గందుకే ఎవ్వడు గెలువలే అక్కా," అన్నాడు ఓంప్రకాశ్. "పిల్లను బయట పెట్టి, లోపల దేవులాడుమన్నడు."

ఎందుకలా చేశాడో పద్మలతకు అర్థమైంది. బిడ్డ ఎక్కడుందో తెలియని తండ్రి ఆమెను జాతరలో ఎక్కడని పెడతాడు?

మర్నాడు తెరిచేసరికి పిల్ల చెంప కొంచెం కనిపించింది. ఆ మర్నాడు చెవి, చెవికి చిన్న దుద్దు.

"ఫైల్ల ఒక్కటే బొమ్మ ఉన్నది అక్కా, వీపుది. మల్ల ఈ చెంప ఏడికెల్లి వచ్చింది?" ఓంప్రకాశ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "రెండు దిక్కుల నల్లపట్టీలు ఏసి మూసేద్దాం. అందరు చేసేది గదే."

"నోర్ముయ్ తమ్మీ. పెద్దమ్మకు మాటిచ్చిన," అంది పద్మలత. పైకి కసిరిందే గాని ఆమెకూ భయంగానే ఉంది. తాము చూడనప్పుడు మాత్రమే ఆ పిల్ల తిరుగుతోంది.

ఆరో రోజు బక్కమ్మ ఫోన్ చేసింది. ఒక కన్ను పూర్తిగా పోయిందట, రెండోదీ మసకేనట, రేపు వస్తానంది. పిల్ల పూర్తిగా ఇటు తిరగడానికి ఇంకా మూడు రోజులైనా పట్టేలా ఉంది. పద్మలతకు ఓపిక చచ్చింది. ఫైలుకు నకలు తీసి పెట్టుకుని, అనూష నిలబడిన చోటును సూచించే అంకె మార్చి, అమ్మవార్ల గద్దెల దగ్గర జనం మధ్యకు తెచ్చింది.

పిల్ల లోపలికొచ్చింది, వెంటనే ఇటు తిరిగింది కూడా. కానీ ఆ ముఖం జనం ముఖాల్లో ఒకటి. గుంపులోకి ఎవరు అడుగుపెట్టినా ఆ నాలుగింటిలో ఒకటి తగిలించమని ప్రోగ్రాములో రాసి ఉంది. పద్మలత దాన్ని నాలుగు రోజుల కిందటే చదివింది, తొందరలో మరిచింది. గౌనూ మారింది, జడలూ పోయాయి, పిల్ల జనంలో కలిసిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పద్మలత నకలు ఫైలు తెరిచింది. పదిసార్లు తెరిచింది. తెర అంచు ఖాళీగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం బక్కమ్మ వచ్చింది. పద్మలత ఏమీ దాచలేదు.

"తప్పు చేసిన పెద్దమ్మా. అంచుకు నిలవడ్డ పిల్లను నడుమకు గుంజిన. గుంపుల కలిసిపోయింది."

బక్కమ్మ తడుముకుంటూ కంప్యూటర్ దగ్గరికి వచ్చింది.

"ఆ దినం నేను గూడ గదే చేసిన బిడ్డా. అది పక్కకు చెట్టు కింద మంచిగనే నిలవడ్డది. గద్దె కనవడదని నేనే చెయ్యి వట్టి నడుమకు గుంజిన. మా ఆయనకు చచ్చేదాంక చెప్పలే."

కుర్చీ లాక్కుని తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టింది.

"అనూషా, నిన్ను కన్న అవ్వను. వచ్చిన."

జనం ఆగిపోయారు. మైకు ఆగిపోయింది. ఆగమనే ఆజ్ఞ ఆ ప్రోగ్రాములో ఎక్కడా లేదు. ఓంప్రకాశ్ లేచి తలుపు దాకా వెళ్లి, గొళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు జనం వెనకాల, దూరాన, నువ్వుగింజంత చెయ్యి ఒకటి పైకి లేచింది. చెయ్యెత్తిన బొమ్మ ఆ గేములో లేదు. పద్మలత దాన్ని పెద్దది చేసి చూసింది. చుక్కలు గళ్లుగా విడిపోయాయి తప్ప ముఖం తేలలేదు. మళ్లీ చిన్నది చేసింది. ఆ చెయ్యి దిగలేదు.

బక్కమ్మ చూపు ఇంకెక్కడో తారాడుతోంది. "ఏమన్న కనవడ్తాందా బిడ్డా? నాకు అంత మసకనే."

పద్మలతకు ఏడుపు ఆగలేదు. బక్కమ్మ వేలు పట్టుకుని, తెర మీద ఆ చెయ్యి ఉన్నచోట ఆనించింది. "ఈడ ఉన్నది పెద్దమ్మా. చెయ్యి లేపింది."

పొద్దుటినుంచీ నడుస్తున్న తెర, వెచ్చగా ఉంది. బక్కమ్మ వేలు తీయలేదు. కాసేపటికి ఆ వేలు దేన్నో చుట్టుకున్నట్టు మెల్లగా వంగింది.

"దీని చేతి యేళ్లు సల్లగున్నయ్ బిడ్డా," అంది. "ఇన్నేండ్లు బయటనే నిలవడ్డది గదా."