పన్నెండు గట్లకు ఒకటే రంగు

ఆ ఇంట్లో ఏ రంగైనా ముందు పెద్ద కోడలి కంటికి ఆనాలి. ఆ తరువాతే అది రంగు కింద లెక్క. గేటుకు పచ్చ, హాలు పరదాలకు ఇటుక రంగు, ఆఖరికి ఎవరూ తలెత్తి చూడని నీళ్ళ ట్యాంకుకు నలుపు, అన్నీ ఆవిడ తీర్పులే. చిన్న కోడలు ఆవిడను ఎదురుగా ‘అక్కా’ అనీ, మనసులో ‘హైకోర్టు’ అనీ పిలుచుకునేది. అప్పీలుకు పోదామంటే మేడ మీద ఉన్నది తన మొగుడొక్కడే. ఆయన కేసు వినకుండానే కొట్టేసే రకం.

పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు మొదటిసారి అవకాశం కిటికీల రూపంలో వచ్చింది. వానలకు చెక్క గట్లు నాని, ఉబ్బి, వేలితో నొక్కితే పొడి రాలే స్థితికి వచ్చాయి. కింద ఆరు, పైన ఆరు, మొత్తం పన్నెండూ తీసేసి అల్యూమినియం గట్లు వేయించాలని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. రంగు మాట వచ్చేసరికి ఇద్దరికీ పాత గొడవలన్నీ గుర్తొచ్చాయి కాబోలు, బావగారు చేతులెత్తేశారు.

“ఈసారి చిన్నమ్మాయి చెప్పిన రంగు. అంతే. నన్ను మధ్యలోకి లాగొద్దు.”

“నాకేం అభ్యంతరం?” అంది పెద్దావిడ. ఆ తరువాత మూడు రోజుల్లో నాలుగుసార్లు అంది. అభ్యంతరం లేనివాళ్ళు అన్నిసార్లు చెప్పరని చిన్న కోడలికి తెలుసు.

ఆమెకు కావలసింది తెలుపు. అలాంటిలాంటి తెలుపు కాదు, మెరిసే తెలుపు. పొద్దున్నే ఎండ గట్టు మీద పడి, అక్కడి నుంచి గది కప్పు మీదికి ఎగిరి, గదంతా వెలుతురుతో నిండే తెలుపు. ఇంతకాలం ఇటుక రంగు పరదాల వెనక బతికిన మనిషికి అదేమంత గొంతెమ్మ కోరిక కాదు.

పౌడర్ కోటింగ్ షెడ్డు బస్సు డిపో వెనక సందులో ఉంది. ముందు యాసిడ్ వాసన, తరువాత ఓవెన్ వేడి, ఆ తరువాత మేస్త్రీ ఎదురొచ్చాడు. మనిషి ముక్కు దగ్గర నుంచి చెవుల వరకు ఆ రోజు వేస్తున్న రంగులోనే ఉన్నాడు. ఆ రోజు బూడిద రంగు. కొక్కేలకు వేలాడదీసిన రేకుల మీద గన్నుతో పొడి చల్లుతుంటే, అది కింద పడకుండా పొగలా తిరిగి రేకు వెనక వైపుకు కూడా వెళ్ళి అంటుకుంటోంది.

“రంగులో కరెంటు కలుస్తుందమ్మా. రేకు దాన్ని లాక్కుంటుంది. తరువాత ఓవెన్లో రెండొందల డిగ్రీలు. కరిగి పట్టుకుందా, ఇంక మీ మనవల కాలం దాకా ఊడదు.”

“ఇంట్లో పన్నెండు గట్లున్నాయి మేస్త్రీ గారూ. పైన ఆరు, కింద ఆరు. పైవాటికి ఒక రంగు, కిందవాటికి...”

“ఆ పప్పులుడకవమ్మా!” అన్నాడాయన. “రంగు మార్చాలంటే గన్ను విప్పాలి, గొట్టం దులపాలి, గదంతా ఊడవాలి. ఒక తెల్ల రేకు మీద నాలుగు నల్ల రేణువులు పడితే రేకంతా పోయినట్టే. పన్నెండు ముక్కలకి పూట పని ఎవడు పాడుచేసుకుంటాడు? ఇద్దరూ ఒక మాట అనుకుని రండి.”

ఇద్దరని ఆమె అనలేదు. ఇలాంటి ఇళ్ళు ఆయన చాలా చూసినట్టున్నాడు.

మూడు రకాల శాంపిల్ ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. అరచేయంత రేకులు. ఒకటి అద్దంలా మెరిసే తెలుపు. ఒకటి మెరుపు లేని బూడిద. మూడోది కాఫీ రంగు, సన్న ఇసుక చల్లి అతికించినట్టు గరుకు. “ఇక్కడ ట్యూబులైటు కింద చూసి ఒప్పుకోకండి. ఈ లైటు నాలాగే, అన్నీ బాగున్నాయనే చెబుతుంది. ఇంటికి తీసుకెళ్ళి కిటికీలో పెట్టుకోండి. ఒక వారం వాటి మీద గ్లాసులు పెట్టండి, మోచేతులు ఆనించండి. అప్పుడు చెప్పండి.”

ఆమె రెండు సెట్లు అడిగి తెచ్చుకుంది. ఒకటి తన వంటింటి కిటికీలో, ఒకటి కింద అక్క వంటింటి కిటికీలో.

పెద్దావిడ శాంపిల్ ముక్కల్ని వేలితో తడిమి, గరుకుదాని దగ్గర ఆగింది. “ఇది గట్టిగా ఉంది.”

“మూడూ ఒకే రేకు అక్కా. పైన పొడే తేడా.”

“ఏమో. తెలుపు మీద ఈగ వాలినా ఊరంతటికీ కనిపిస్తుంది.”

“మన ఈగలు మనకి కనిపిస్తే తప్పేముంది?”

“నీ ఇష్టమమ్మా. నాకేం అభ్యంతరం?” అయిదోసారి.

ఆ వారమంతా చిన్న కోడలు తెల్ల ముక్కను చూసి మురిసిపోయింది. ఉదయం ఏడున్నరకు అది వెలిగేది. మొగుణ్ణి పిలిచి చూపిస్తే ఆయన “ఊఁ, తెల్లగానే ఉంది” అని పేపర్లోకి వెళ్ళిపోయాడు. ఆ మాత్రం మద్దతు కూడా ఆ ఇంట్లో పెద్ద విషయమే.

అయిదో రోజు మధ్యాహ్నం మేడ మెట్లు కడిగి, తడి ఆరకముందే చెప్పులు చేతిలో పట్టుకుని కిందికి దిగుతోంది. మెట్లు పెద్దావిడ వంటింటి కిటికీ పక్కగా దిగుతాయి. లోపల పెద్దావిడ ఒక్కతే ఉంది. ముందు శాంపిల్ ముక్కలు, చేతిలో నిండా టీ ఉన్న గ్లాసు. ఆవిడ ఆ గ్లాసును తెచ్చి సరిగ్గా తెల్ల ముక్క మీద పెట్టింది. టీ ఒలికింది. తుడిచింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఒలికింది.

‘ఆహా’ అనుకుంది చిన్న కోడలు. ‘సాక్ష్యాలు తారుమారు! రేపు బావగారి ముందు పెట్టి, చూడండి తెలుపు ఎలా మరకలు పడుతుందో అనడానికి రిహార్సల్.’ ఇలా దొంగలా దొరకడం హైకోర్టుకు మొదటిసారి. వెంటనే లోపలికి వెళ్ళి “ఏం చేస్తున్నావక్కా?” అని తీపిగా అడగాలని ఒక మెట్టు దిగింది కూడా.

అప్పుడు చప్పుడు వినిపించింది. స్టీలు గ్లాసు అడుగు రేకును తాకుతూ టకటకటక. చలికి పళ్ళు కొట్టుకున్నట్టు. పెద్దావిడ రెండో చేత్తో తన మణికట్టును తానే పట్టుకుని ఆపుతోంది. అది ఆగడం లేదు. నునుపు మీద గ్లాసు జారి అంచుకు వచ్చేసింది. ఆవిడ దాన్ని ఛాతీకి అదిమి పట్టుకుంది. కాసేపు ఊపిరి తీసుకుని, అదే గ్లాసును గరుకు ముక్క మీదికి దించింది. అదీ చప్పుడు చేసింది, కాని ఒక్కసారే. ఆ తరువాత గ్లాసు రేకును పట్టుకుని నిలబడింది. పెద్దావిడ చేయి తీసేసి, గ్లాసు వైపు చాలాసేపు చూసింది.

చిన్న కోడలు దిగిన మెట్టు మళ్ళీ ఎక్కింది. తడి మెట్లు, పాదాలు చప్పుడు చేయలేదు.

పైకి వచ్చి కుర్చీలో కూర్చుంది కాని మనసు ఒకచోట కూర్చోలేదు. కొన్ని నెలలుగా కింద టీ పోసేటప్పుడు వంటింటి తలుపు దగ్గరికి వేసి ఉంటుంది. “నేను పోసేటప్పుడు ఎవరూ మీద పడకండి” అంటుంది అక్క. దాన్ని దొరతనం అనుకుంది తను. గ్లాసులు సగానికే నిండి వస్తే పిసినారితనం అనుకుని, పుట్టింటికి ఫోన్ చేసి నవ్వింది కూడా. వంటింటి నుంచి వరండా దాకా ఒక్కో గ్లాసే తెస్తూ, ప్రతి కిటికీ దగ్గరా ఆగి గట్టు మీద దించి, బయటికి చూసి, మళ్ళీ ఎత్తుకుని వస్తుంది. ఆ నడకకు తను ‘తనిఖీ’ అని పేరు పెట్టింది. మొగుడికి చేసి చూపిస్తే ఆయన పేపరు దించి మరీ నవ్వాడు.

ఆవిడ తనిఖీ చేయడం లేదు. గట్టు గట్టుకూ ఆగి చేతికి విశ్రాంతి ఇస్తోంది. పాత చెక్క గట్లు గ్లాసును జారనిచ్చేవి కావు. ఇప్పుడు వాటి స్థానంలో తను అద్దాలు పరవబోతోంది.

అయినా తెలుపును అంత తేలిగ్గా వదులుకోవడానికి ఆమె అంత మంచిది కాదు. మర్నాడు షెడ్డుకు వెళ్ళి ఆఖరి ప్రయత్నం చేసింది. మేస్త్రీ ఆ రోజు నల్లగా ఉన్నాడు.

“తెలుపులోనే ఆ గరుకు రాదా మేస్త్రీ గారూ?”

“ఎందుకు రాదు? పొడి తెప్పిస్తా. కాని ఆ గట్ల మీద మీరు పెట్టేవేంటి?”

“టీ గ్లాసులు.”

“ఒలుకుతాయా?”

“ఒలుకుతాయి.”

“అయితే వద్దు. గరుకంటే గుంటలమ్మా. టీ చుక్క గుంటలోకి దిగి అక్కడే సంసారం పెడుతుంది. బ్రష్షు పట్టుకుని జీవితాంతం తోముతూ కూర్చోవాలి. ఒలికే ఇంటికి కాఫీ రంగే.”

ఒలికే ఇల్లు. ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ముందురోజు వేసిన ఎవరివో తెల్లటి రేకులు కొక్కేలకు వేలాడుతున్నాయి. వాటిని కాసేపు చూసింది. పెళ్ళిచూపుల్లో తప్పిపోయిన సంబంధాన్ని వీధిలో చూసినట్టు అనిపించి, తనలో తనే నవ్వుకుంది.

“కాఫీ రంగే వేసెయ్యండి. గరుకుది. పన్నెండూ.”

సాయంత్రం కింద హాల్లో సంగతి చెప్పింది. బావగారు గ్లాసు పక్కన పెట్టారు.

“అదేంటమ్మాయ్! తెలుపు తెలుపని వారం నుంచి ఇల్లు పీకి పందిరేశావుగా?”

“ఎండకి మెరిసి తలనొప్పి వస్తోంది బావగారూ. కళ్ళు తిరుగుతున్నాయి.”

“నిన్నటిదాకా ఆ మెరుపుకేగా నన్ను నిద్రలేపావు?” అన్నాడు మొగుడు.

“నిన్న వేరు, ఇవాళ వేరు. మనసు మార్చుకోకూడదని మీ ఇంట్లో రూలేమైనా ఉందా?”

“ఆడవాళ్ళ మనసు!” అని అన్నదమ్ములిద్దరూ ఒకేసారి నిట్టూర్చి, తేలిగ్గా నవ్వుకున్నారు. పదకొండేళ్ళకు ఒకసారి గెలవబోయి, చేజేతులా ఓడి, పైగా చపలచిత్తురాలనే బిరుదు. చిన్న కోడలు టీ తాగింది. గ్లాసు సగమే ఉంది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఒక్కసారి ఇటు చూసి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పదకొండింటికి, మగవాళ్ళు పనులకు వెళ్ళాక, కింద నుంచి పిలుపు వచ్చింది. వంటింట్లో పెద్దావిడ స్టవ్వుకు ఆనుకుని నిలబడి ఉంది.

“ఎప్పుడు చూశావు?”

“దేన్నక్కా?”

“నాటకాలు వెయ్యకు. నీకు తలనొప్పి వస్తే మేడ మీద నుంచి వీధి చివరిదాకా వినపడుతుంది. ఈ వారంలో ఒక్కసారీ వినపడలేదు.”

చిన్న కోడలు తల వంచుకుంది. “మెట్లు కడిగిన రోజు.”

“మీ ఆయనకి చెప్పావా?”

“లేదు.”

“ఎందుకని?”

“ఆయనకి చెబితే బావగారికి చెప్తారు. బావగారు నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఈ వంటిల్లు నాకు అప్పగిస్తారు. ఇంతమందికి వండటం నావల్ల కాదు.”

పెద్దావిడ పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వే కావచ్చు. ఆ తరువాత పిండి డబ్బా వెనక నుంచి ఒక కాగితం తీసి బల్ల మీద పడేసింది. ఆసుపత్రి ఫారం. పైన పేరు దగ్గర రెండే రెండు అక్షరాలు. అవి కూడా గీత మీద నిలవక, గాలికి ఊగే దండెం మీది బట్టల్లా ఉన్నాయి.

“రెండు నెలల నుంచి రాద్దామనే చూస్తున్నాను. ఆయన్ని రాయమంటే చెప్పాలి. పిల్లల్ని రాయమన్నా చెప్పాలి.” కాగితాన్ని ఇటు జరిపింది. “నీకు చెప్పక్కర్లేదు కదా ఇప్పుడు. రాయి.”

చిన్న కోడలు పెన్ను తెచ్చుకుని కూర్చుంది. పేరు పూర్తి చేసింది.

“వయసు?”

“నీకంటే నాలుగేళ్ళు పెద్ద.”

“తొమ్మిది.”

“నాలుగని చెప్పానా?”

“డాక్టరు దగ్గర అబద్ధం చెబితే మందు తప్పు ఇస్తాడక్కా.”

“అయిదేళ్ళ తేడాకేం తప్పిపోడులే. నాలుగే వేసుకో.”

“బాధ ఎప్పటి నుంచి?”

పెద్దావిడ చీపురు తీసి మూలకు జరిపింది, అక్కర్లేకపోయినా. “పద్నాలుగు నెలలు. ముందు సూదిలోకి దారం ఎక్కలేదు. కళ్ళనుకున్నాను. అద్దాలు మార్పించుకున్నాను. దారం ఎక్కలేదు.”

పద్నాలుగు నెలలు అని చిన్న కోడలు రాసింది. రాస్తూ, ఆ పద్నాలుగు నెలల్లో తను ఈవిడ మీద వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. చాలానే ఉన్నాయి. కొన్ని బాగానే ఉన్నాయి కూడా, అదే ఇబ్బంది.

“వెంట వచ్చేవారు?” అని చదివింది. “నా పేరే రాస్తున్నాను. కాని ఒక షరతు. డాక్టరు ఏం చెప్పినా, ఆ సాయంత్రమే బావగారికి నువ్వే చెప్పాలి. నేను దాచి పెట్టలేను, నా మొహం సంగతి నీకు తెలుసుగా.”

పెద్దావిడ కిటికీ బయటికి చూసింది. పాత చెక్క గట్టు ఇంకా అక్కడే ఉంది, వచ్చేవారం దాకా. “ముందు డాక్టరు ఏమంటాడో విననీ” అంది. తరువాత, “సరే” అంది. ఆవిడ నోట ఆ మాట మరో మాట తోడు లేకుండా రావడం అదే మొదలు.

“మీకేమవుతారు అని అడుగుతున్నారు ఇక్కడ.”

“చెల్లెలు అని రాసెయ్. గడి చిన్నదిగా ఉంది.”

“అబద్ధం అవుతుందక్కా.”

“ఇందాక వయసు దగ్గర లేని పట్టింపు ఇప్పుడెందుకు?”

“వయసు నిజమే వేశాను.”

“వేశావా!” అంది పెద్దావిడ, నిజంగానే మండిపడుతూ.

చిన్న కోడలు గడిలో ‘తోడికోడలు’ అని రాసింది. చోటు చాలక చివరి అక్షరం గీత దాటి కిందికి దిగింది. ఫారం తిప్పి రెండో పేజీ మొదలుపెట్టింది. అక్కడ ఇంకా చాలా ప్రశ్నలు ఉన్నాయి.